గంధకం, నత్రజని: నేల బాక్టీరియా మాంసకృత్తుల వద్ద కలిసే రెండు చక్రాలు

స్నాతకోత్తర విద్యార్థుల మౌఖిక పరీక్షలలో ఇటీవల నేను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. గంధకపు పూత పూసిన యూరియా బస్తా ఒకటి చేనులో వేస్తే పైరుకు అందే గంధకం ఎంత? 2023లో 'యూరియా గోల్డ్' పేరుతో మన దేశంలో ప్రవేశపెట్టిన ఈ ఎరువులో 37 శాతం నత్రజని, 17 శాతం గంధకం ఉంటాయి. విద్యార్థి వెంటనే లెక్కకట్టి, 40 కిలోల బస్తాకు 6.8 కిలోలు అంటాడు. లెక్క సరియైనదే, జవాబు మాత్రం సరియైనది కాదు. ఆ 6.8 కిలోలూ మూలక గంధకంగా ఉన్నది. ఎనిమిది పరమాణువులు వలయంగా కూడిన ఆ పసుపుపచ్చని పదార్థం నీటిలో దాదాపు కరగదు. వేరు తీసుకోగలిగేది సల్ఫేటును. ఈ రెంటి మధ్య జరగవలసిన మార్పు బాక్టీరియా చేతిలో, మరింత కచ్చితంగా చెప్పాలంటే బాక్టీరియా తయారుచేసే కొన్ని మాంసకృత్తుల చేతిలో ఉన్నది.

మన పాఠ్యగ్రంథాలలో నత్రజని చక్రం ఒక అధ్యాయం, గంధక చక్రం మరొక అధ్యాయం. ఎరువుల సిఫారసు పట్టికలలోను అవి రెండు వేర్వేరు గడులు. నేలలో ఈ విభజన లేదు. ఈ రెండు మూలకాల అకర్బన రూపాలను మార్చే ఎంజైములు చాలావరకు ఒకే లోహాలను వాడుకుంటాయి: ఇనుము, రాగి, మాలిబ్డినం. కొన్ని ఎంజైములు ఒక మూలకపు అయానును రెండవదానిగా పొరబడతాయి. మరికొన్ని, రెండవ మూలకపు సమ్మేళనం తగిలితే స్తంభించిపోతాయి. అందుచేత గంధకాన్ని ఏ రూపంలో వేశాము, ఆ సమయంలో నేలలో గాలి ఉన్నదా నీరు ఉన్నదా అనే అంశాలు గంధకంతో పాటు నత్రజని గతిని కూడ నిర్ణయిస్తాయి. ఈ వ్యాసంలో వివరింపదలచినది ఈ సంబంధాన్నే.

చరిత్రలో ఈ రెండు చక్రాలు ఒకే వ్యక్తి చేతిలో వెలుగు చూశాయి. సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1887లో, పోగుల రూపంలో పెరిగే బెగ్గియటోవా అనే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును ఆక్సీకరించి శక్తి పొందుతుందని చూపాడు. అదే ఆలోచనను అమ్మోనియాకు అన్వయించి 1890లో జూరిచ్‌లో నత్రీకరణ బాక్టీరియాను వేరుచేశాడు. ఖనిజ పదార్థాన్ని 'తిని' బ్రతికే జీవులుంటాయన్న భావన మొదట గంధకం నుండి వచ్చి, తరువాత నత్రజనికి చేరినదన్న మాట.

మూలక గంధకం సల్ఫేటుగా మారే దారి

గంధకాన్ని ఆక్సీకరించే బాక్టీరియాలో వ్యవసాయపరంగా ముఖ్యమైనదానిని 1922లో అమెరికాలోని న్యూజెర్సీలో వాక్స్‌మన్, జోఫీ అనే శాస్త్రవేత్తలు వర్ణించారు. నాడు థయోబాసిల్లస్ థయోఆక్సిడన్స్ అని పేరు పొందిన ఆ జీవిని నేడు ఆసిడిథయోబాసిల్లస్ ప్రజాతిలో చేర్చారు. కరగని పదార్థాన్ని కణం లోనికి తీసుకోవడం దీనికి ఎదురయ్యే మొదటి చిక్కు. ఇందుకు బాక్టీరియా గంధకపు రేణువునకు అంటుకొని, బాహ్యపొరలోని మాంసకృత్తుల థయోల్ సమూహాలతో ఆ వలయాన్ని తెరుస్తుంది. గంధక పరమాణువు అక్కడి గంధకంతో జతపడి 'పర్సల్ఫైడ్' రూపంలో లోనికి ప్రవేశిస్తుంది. ఇనుము గల సల్ఫర్ డయాక్సిజినేజ్ ఎంజైము దానికి ఆమ్లజనిని చేర్చి సల్ఫైటుగా మారుస్తుంది. సల్ఫైటు మరొక ఎంజైము వద్ద సల్ఫేటు అవుతుంది.

థయోసల్ఫేటు వంటి కరిగే రూపాలను ఆక్సీకరించడానికి అనేక బాక్టీరియాలో 'సాక్స్' అనే మాంసకృత్తుల సముదాయం ఉన్నది. పారకాకస్‌లో దీనిని విపులంగా అధ్యయనం చేశారు. ఇందులోని సాక్స్-వై మాంసకృత్తు చివర ఒక సిస్టీన్, దానికి రెండు వైపుల గ్లైసీన్లు ఉంటాయి. గ్లైసీన్లు చిన్నవి కనుక ఆ కొస సులభంగా వంగుతుంది. గంధక సమ్మేళనం ఆ సిస్టీనుకు తగులుకొని, ఒక ఎంజైము నుండి మరొక ఎంజైముకు చేతులు మారుతూ పోతుంది. ఒకచోట మాంగనీస్ గల ఎంజైము సల్ఫేటును విడదీస్తుంది. మరొకచోట మాలిబ్డినం గల ఎంజైము మిగిలిన గంధకం నుండి ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. మధ్యలోని ఏ రూపమూ బయట పడదు.

క్షేత్రంలో దీని అర్థం స్పష్టం. బాక్టీరియా రేణువు ఉపరితలం మీదనే పనిచేయగలదు కనుక, రేణువు ఎంత సన్నగా ఉంటే ఆక్సీకరణం అంత త్వరితం. ఆమ్లజని తప్పనిసరి కనుక నీరు నిలిచిన మడిలో ఈ పని మందగిస్తుంది. కిలో గంధకం పూర్తిగా ఆక్సీకరణం చెందితే పుట్టే ఆమ్లాన్ని తటస్థీకరించడానికి సుమారు 3.1 కిలోల కాల్షియం కార్బొనేటు ఖర్చవుతుంది. సున్నం అధికంగా గల నల్లరేగడిలో ఇది రేణువు చుట్టూ కొంత మేలే చేస్తుంది. చల్కా నేలలలో మాత్రం గమనించవలసిన విషయం.

ఇదే గుళికలోని యూరియా సంగతి వేరు. పూత తెరుచుకొని కరిగిన యూరియాను, నికెల్ గల యూరియేజ్ ఎంజైము కొద్ది రోజులలోనే అమ్మోనియంగా మారుస్తుంది. గంధకానికి వారాలు పట్టవచ్చు. అనగా ఒకే గుళికలో రెండు పోషకాలు ఉన్నా అవి రెండు వేర్వేరు కాలాలలో వేరుకు అందుతాయి. ఇది ఆ ఎరువు లోపం కాదు. నత్రజనిని నిదానంగా అందించడమే పూత ముఖ్యోద్దేశం. లేత ఆకులు పసుపు తిరిగిన పైరుకు అప్పటికప్పుడు గంధక లోపం తీరుతుందని చెప్పి దీనిని పైపాటుగా వేయించడం మాత్రం తప్పు. అటువంటి సమయంలో సల్ఫేటు రూపం గల ఎరువే కావాలి.

రాగి మీద గంధకపు పట్టు

అమ్మోనియం నైట్రేటుగా మారే ప్రక్రియలో మొదటి ఎంజైము అమ్మోనియా మోనోఆక్సిజినేజ్. ఇది బాక్టీరియా పొరలో ఇమిడి ఉంటుంది. దీని పని రాగి అయానులపై ఆధారపడి ఉన్నది. ఇది అమ్మోనియాను హైడ్రాక్సిలమీనుగా మారుస్తుంది. రాగికి, గంధకానికి ఉన్న ఆకర్షణ రసాయనశాస్త్రం చదివినవారందరికీ తెలిసినదే. అందుచేతనే థయోయూరియా, అల్లైల్ థయోయూరియా, కార్బన్ డైసల్ఫైడ్ వంటి గంధక సమ్మేళనాలు నత్రీకరణను ఆపుతాయి. మురుగునీటి పరీక్షలో నత్రీకరణ వల్ల ఖర్చయ్యే ఆమ్లజని లెక్కలోకి రాకుండా ప్రయోగశాలలలో అల్లైల్ థయోయూరియా కలపడం ఈ గుణం ఆధారంగానే.

నేలలో సహజంగా పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడ నత్రీకరణను అణచివేస్తుంది. నదీముఖాల అవక్షేపాలలో దీనిని జాయ్, హాలిబా 1995లో నిరూపించారు. ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు ఒక విద్యార్థి, 'అయితే సల్ఫైడ్ మనకు మేలు చేస్తున్నట్లే కదా సార్, 2015 నుండి యూరియాకంతటికీ వేపనూనె పూత పూస్తున్నది నత్రీకరణను తగ్గించడానికే కదా' అని అడిగాడు. చక్కని ప్రశ్న. వేపపూత నత్రీకరణను మందగింపజేస్తుంది. వేరుకు హాని చేయదు. సల్ఫైడ్ నత్రీకరణను ఆపే గాఢతకు చేరేసరికి వేరు శ్వాసక్రియను కూడ దెబ్బతీయవచ్చు. మొక్క మైటోకాండ్రియాలోని చివరి ఎంజైములో కూడ ఇనుము, రాగి ఉన్నాయి మరి.

నిండు నీటి మడిలో కవలల వంటి రెండు అయానులు

ఇప్పుడు మాగాణికి వద్దాం. దమ్ము చేసి నీరు పెట్టిన మడిలో ఆమ్లజని ఒకటి రెండు రోజులలోనే ఖర్చవుతుంది. ఆ తరువాత బాక్టీరియా శ్వాసించడానికి వరుసగా నైట్రేటు, మాంగనీస్, ఇనుము, సల్ఫేటు, చివరకు కార్బన్ డయాక్సైడును ఉపయోగించుకుంటుంది. ఈ వరుసను అందరూ కంఠస్థం చేస్తారు. ఇందులో నైట్రేటు ముందు, సల్ఫేటు చాలా వెనుక ఎందుకు ఉన్నాయన్నది ఎంజైముల స్థాయిలో చూస్తేనే బోధపడుతుంది.

నైట్రేటు అమ్మోనియంగా మారడానికి 8 ఎలక్ట్రాన్లు కావాలి. సల్ఫేటు సల్ఫైడుగా మారడానికీ 8 ఎలక్ట్రాన్లే కావాలి. లెక్క ఒకటే అయినా స్వభావం వేరు. నైట్రేటు మాలిబ్డినం గల రిడక్టేజ్ వద్దకు రాగానే రెండు ఎలక్ట్రాన్లు తీసుకొని నైట్రైటు అవుతుంది. సల్ఫేటు అంత తేలికగా ఎలక్ట్రాన్లను స్వీకరించదు. ముందుగా ఏటీపీ సల్ఫ్యూరిలేజ్ అనే ఎంజైము ఏటీపీని ఖర్చుపెట్టి దానిని ఉత్తేజిత రూపానికి తేవాలి. ఈ ఎంజైముకు ఒక బలహీనత ఉన్నది: ఆకారంలో సల్ఫేటును పోలిన మాలిబ్డేటును అది గుర్తుపట్టలేదు. మాలిబ్డేటు దొరికితే ఫలితం లేకుండానే ఏటీపీని ఖర్చు చేస్తుంది. సల్ఫేటు క్షయకరణను ఆపి చూపవలసిన ప్రయోగాలలో మాలిబ్డేటును వాడేది ఇందుకే.

ఉత్తేజిత సల్ఫేటు రెండు ఎలక్ట్రాన్లు తీసుకొని సల్ఫైటు అవుతుంది. ఇక్కడ రెండు చక్రాలు ముఖాముఖి నిలుస్తాయి. సల్ఫైటు సల్ఫైడుగా మారడానికి 6 ఎలక్ట్రాన్లు; నైట్రైటు అమ్మోనియంగా మారడానికి 6 ఎలక్ట్రాన్లు. జీవకణంలో ఒకే ఎంజైము వద్ద 6 ఎలక్ట్రాన్లు అందించే చర్యలు అరుదు. ఈ రెంటికీ ప్రకృతి ఒకే పరికరాన్ని ఎన్నుకొన్నది. దాని పేరు సిరోహీమ్. రక్తంలోని హీమ్‌ను పోలిన వలయం మధ్య ఒక ఇనుము అయాను, దానిని ఆనుకొని నాలుగు ఇనుములు, నాలుగు గంధకాలు గల గుచ్ఛం. ఎలక్ట్రాన్లు గుచ్ఛం నుండి సిరోహీమ్‌కు, అక్కడ నుండి పట్టుబడిన అయానుకు చేరుతాయి. సల్ఫైటు తన గంధక పరమాణువు ద్వారా, నైట్రైటు తన నత్రజని పరమాణువు ద్వారా ఆ ఇనుముకే అతుక్కుంటాయి. 1995లో ఇ. కోలై సల్ఫైట్ రిడక్టేజ్ నిర్మాణం వెల్లడైనప్పుడు ఈ రెండు ఎంజైముల చుట్టరికం స్పష్టమయినది. మన వరి ఆకులో నైట్రైటును అమ్మోనియంగా మార్చే ఎంజైములోను ఇదే సిరోహీమ్ ఉన్నది.

పరికరం ఒకటే అయినప్పుడు పొరపాట్లు తప్పవు. సల్ఫేటును శ్వాసించే బాక్టీరియాలోని సల్ఫైట్ రిడక్టేజ్, నైట్రైటు ఎదురైతే దానిని కూడ పట్టుకుంటుంది. కానీ దానిని చాలా నెమ్మదిగా మారుస్తుంది. ఈలోగా సల్ఫైటుకు చోటు ఉండదు. ఎంజైము నైట్రైటుతో బిగుసుకుపోతుంది. ఈ బెడద నుండి తప్పించుకొనడానికి కొన్ని సల్ఫేటు బాక్టీరియా కణపు పొర వెలుపలి వైపున అనేక హీమ్‌లు గల నైట్రైట్ రిడక్టేజును ఉంచుకుంటాయి. అది నైట్రైటును లోనికి రానీయకుండా అక్కడే అమ్మోనియంగా మార్చివేస్తుంది. విచిత్రమేమంటే ఆ కాపలా ఎంజైము కూడ సల్ఫైటును సల్ఫైడుగా మార్చగలదు. చమురు బావులలో హైడ్రోజన్ సల్ఫైడును అరికట్టడానికి నైట్రేటు ద్రావణాన్ని లోనికి పంపే పద్ధతి కొంతవరకు ఈ సూత్రం మీదనే ఆధారపడినది.

అయితే వరి మడిలో సల్ఫైడును ఆపడానికి నైట్రేటు ఎరువు వేయమని నేను చెప్పను. నీటి మడిలో నైట్రేటులో అధిక భాగం వినత్రీకరణ వల్ల వాయురూపంలో పోతుంది. చెప్పదలచినది వేరు: సల్ఫేటు ఎరువు కూడ అన్ని మడులకూ ఒకే రకంగా పనికిరాదు.

ఈ విషయం నేను పొరపాటు చేసి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, తీరప్రాంతపు ఇసుక నేలలో ఒక రైతు వరి పాలిపోయిందని కబురు చేశాడు. మట్టి పరీక్షలో లభ్య గంధకం 10 పి.పి.ఎం. సందిగ్ధ స్థాయికి దిగువన ఉన్నది. అమోనియం సల్ఫేటు సిఫారసు చేశాను. జీలుగ కలియదున్ని ఎన్ని రోజులైనదని గానీ, మురుగు పోయే దారి ఉన్నదా అని గానీ అడగలేదు. రెండు వారాల తరువాత వెళ్లేసరికి పైరు మరింత గిడసబారింది. రైతు ఒక దుబ్బు పీకి నా చేతిలో పెట్టాడు. వేళ్లు నల్లగా ఉన్నాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన. 'దీనికి తిండి తక్కువ కాదండీ, ఊపిరాడట్లేదు' అన్నాడు. పచ్చిరొట్ట బాక్టీరియాకు ఎలక్ట్రాన్లు ఇచ్చింది. నేను సల్ఫేటు ఇచ్చాను. నీరు గాలిని మూసింది. ఇసుక నేలలో సల్ఫైడును బంధించేంత ఇనుము లేదు. మడి ఆరగట్టించాము. కొత్త వేళ్లు వచ్చాయి గాని, ఆ పంటలో కోల్పోయిన పిలకలు తిరిగి రాలేదు.

ఇనుము పాత్ర ఇక్కడ గమనార్హం. ఎర్ర నేలలలోను, ఒండ్రు బంకమట్టిలోను పుట్టిన సల్ఫైడ్ వెంటనే ఐరన్ సల్ఫైడుగా అవక్షేపం చెంది నిరపాయకరమవుతుంది. ఇనుము కొట్టుకుపోయిన నేలలలోనే ప్రమాదం. జపానులో 'అకియోచి' అనే వరి రుగ్మత ఇటువంటి నిస్సార నేలలలోనే ప్రబలింది. అక్కడ సల్ఫేటు లేని ఎరువులకు మారడం నివారణ చర్యలలో ఒకటైనది. మొక్కకు కూడ కొంత స్వీయరక్షణ ఉన్నది. వరి వేరు గాలి గొట్టాల ద్వారా ఆమ్లజనిని తన చుట్టూ విడుస్తుంది. ఆ సన్నని పొరలో వినోగ్రాడ్‌స్కీ చూసిన బెగ్గియటోవాయే సల్ఫైడును ఆక్సీకరించి వేరును కాపాడుతుందని 1977లో జోషి, హాలిస్ అనే శాస్త్రవేత్తలు తెలిపారు.

నైట్రస్ ఆక్సైడ్ వద్ద ఆగిపోయే వినత్రీకరణ

వినత్రీకరణలో నైట్రేటు దశలవారీగా నైట్రైటు, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్, చివరకు నత్రజని వాయువు అవుతుంది. చివరి మెట్టును నిర్వహించేది నైట్రస్ ఆక్సైడ్ రిడక్టేజ్. 100 ఏళ్ల కాలపరిమితిలో నైట్రస్ ఆక్సైడ్ భూతాపనశక్తి కార్బన్ డయాక్సైడు కంటే 273 రెట్లు కనుక, ఈ ఒక్క ఎంజైము పనిచేయడం, చేయకపోవడం చిన్న విషయం కాదు. దాని క్రియాకేంద్రంలో నాలుగు రాగి అయానులు గుచ్ఛంగా ఉంటాయి. వాటిని కలిపి ఉంచేది సల్ఫైడ్. ఆమ్లజని తగలకుండా శుద్ధిచేసిన ఎంజైములో రెండు సల్ఫైడ్ అయానులు ఉన్నాయని 2011లో తేలింది.

గంధకం లేనిదే నిలువని ఈ కేంద్రం, బయటి నుండి సల్ఫైడ్ వచ్చిపడితే పనిచేయదు. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్‌లో సల్ఫైడ్ సమక్షంలో నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్ దశలు రెండూ ఆగిపోతాయని 1980లోనే చూపబడింది. పైగా రాగి కరగని కాపర్ సల్ఫైడుగా బంధింపబడితే కొత్త ఎంజైముల తయారీకి రాగి కరవవుతుంది. మడిని ఆరగట్టి మళ్లీ తడిపే పద్ధతిలో ఈ సంబంధాన్ని గుర్తుంచుకోవాలి. ఆరిన రోజులలో నత్రీకరణ జరిగి నైట్రేటు పుడుతుంది. తిరిగి నీరు పెట్టినప్పుడు వినత్రీకరణ మొదలవుతుంది. ఆ సమయానికి నేల లోపలి భాగాలలో సల్ఫైడ్ మిగిలి ఉంటే చివరి మెట్టు జారిపోయే అవకాశం ఉన్నది. మీథేను తగ్గిందని సంతోషించే ప్రయోగాలలో నైట్రస్ ఆక్సైడును కూడ కొలవాలని నేను పట్టుబట్టే కారణం ఇదే. అన్ని బాక్టీరియా ఇలా నష్టపోవు. థయోబాసిల్లస్ డీనైట్రిఫికన్స్ వంటివి గంధక సమ్మేళనాల నుండే ఎలక్ట్రాన్లు తీసుకొని నైట్రేటును క్షయకరిస్తాయి.

వేరుశనగ బుడిపెలో

చివరగా మెట్ట పంటల వద్దకు. గాలిలోని నత్రజనిని స్థిరీకరించే నైట్రోజినేజ్ ఎంజైము బహుశః జీవప్రపంచంలో గంధకానికి అత్యంత ఋణపడిన యంత్రం. 1992లో కిమ్, రీస్ వెల్లడించిన నిర్మాణం, తరువాతి సవరణల ప్రకారం, దాని క్రియాకేంద్రంలో 7 ఇనుము, 1 మాలిబ్డినం, 9 గంధకం పరమాణువులు, మధ్యలో ఒక కార్బన్ ఉన్నాయి. ఎలక్ట్రాన్లు అందించే మరొక గుచ్ఛంలో 8 ఇనుములు, 7 గంధకాలు. రెండు జతల గుచ్ఛాలను, వాటికి తోడ్పడే రెండు ఇనుము మాంసకృత్తులను కలిపి లెక్కిస్తే, సిస్టీన్లలోనివి విడిచి, ఒక్క ఎంజైము సముదాయంలో 40 అకర్బన గంధక పరమాణువులు తేలుతాయి. వీటిలో అధిక భాగాన్ని నిఫ్-ఎస్ అనే మాంసకృత్తు సిస్టీన్ నుండి విడదీసి అందిస్తుంది. క్రియాకేంద్రంలోని తొమ్మిదవ గంధకం సల్ఫైటు నుండి రాగలదని 2018లో ప్రయోగశాలలో కనుగొన్నారు.

బుడిపెలోని రైజోబియంకు ఈ గంధకం మొక్క ద్వారానే రావాలి. లోటస్ జపోనికస్ అనే పప్పుజాతి మొక్కలో బుడిపెకు సల్ఫేటును చేరవేసే మాంసకృత్తు లోపిస్తే నత్రజని స్థిరీకరణ కుంటుపడుతుందని 2005లో తెలిసింది. గంధకం చాలని వేరుశనగ పాలిపోవడంలో రెండు కారణాలు కలిసి ఉంటాయన్న మాట: ఆకులోని మాంసకృత్తులకు గంధకం లేకపోవడం, బుడిపెలోని ఎంజైముకు గంధకం లేకపోవడం. దీనికి యూరియా చల్లితే ఆకు రంగు కొంత మారుతుంది గాని, లభ్య నత్రజని పెరిగిన కొద్దీ బుడిపెలు తగ్గుతాయి.

'గంధకపు పూత యూరియా వేశాము, ఇక జిప్సం మానవచ్చునా' అని వేరుశనగ రైతుల తరఫున విస్తరణ అధికారులు అడుగుతున్నారు. మానరాదు. స్వచ్ఛమైన జిప్సంలో 18 శాతానికి పైగా గంధకం సల్ఫేటు రూపంలోనే ఉన్నది. బాక్టీరియా కోసం వేచి ఉండనక్కరలేదు. దానితో వచ్చే 23 శాతం కాల్షియంను ఊడలు, కాయలు చుట్టూ ఉన్న మట్టి నుండి నేరుగా పీల్చుకోవాలి. వేరు తీసుకున్న కాల్షియం కాయకు చేరదు. కనుక ఎకరాకు 200 కిలోల జిప్సంను పూత దశ నుండి ఊడలు దిగే దశ మధ్య మొక్కల మొదళ్ల వద్ద వేసి మట్టి ఎగదోసే సిఫారసు యథాతథంగా కొనసాగాలి. పూత యూరియాను మొక్కజొన్న వంటి, నత్రజని ఎక్కువగా కోరే మెట్ట పంటలకు విత్తే సమయంలోనే వేసి, అందులోని గంధకాన్ని ఆ పంట చివరి దశలకు, తరువాతి పంటకు జమగా లెక్కించడం ఉచితం.